అమ్మ చూడని జెముడు పువ్వు

మా దొడ్లో పూసిన జెముడు పువ్వును మా వీధిలో చూడని ఆడవాళ్ళు లేరు, మా అమ్మ తప్ప. ఆ మొక్క అమ్మదే. తెచ్చింది ఆమె, నాటింది ఆమె, దాని ముళ్ళు చేతికి గుచ్చుకుంటే సూదితో తీసుకుని పసుపు రాసుకున్నదీ ఆమే. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

నరసరావుపేటలో మా ఇల్లు ఊరికి ఈ చివర ఉంటే, అమ్మ పనిచేసే మిషన్ ఆసుపత్రి ఆ చివర ఉండేది. అమ్మ అక్కడ కాన్పుల వార్డులో రాత్రి డ్యూటీ నర్సు. పొద్దుగూకే వేళకి గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని బయల్దేరితే, మళ్ళీ ఎండెక్కాకే ఇంటికి చేరేది. పగటి డ్యూటీ అడగొచ్చు కదా అని నాన్న అప్పుడప్పుడూ అనేవాడు. పగలు ఇంట్లో ఉంటే పిల్లకి ఇంత వండి పెట్టొచ్చు, ఇదే నయం అనేది అమ్మ. ఆ పిల్లని నేనే కాబట్టి నేనేమీ మాట్లాడటానికి ఉండేది కాదు. నాన్న పత్తి మిల్లులో కాటా గుమాస్తా. తెల్లవారకముందే మిల్లుకి వెళ్ళాలి కనుక దీపాలు పెట్టగానే అన్నం తిని గుర్రుపెట్టేవాడు. మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి మేలుకుని ఉండటం ఆదివారం ప్రార్థనకు గుడికి వెళ్ళినప్పుడే.

ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ, తెల్లదొరసాని, దేశానికి తిరిగి వెళ్ళిపోతూ నర్సులందరికీ తలా ఒకటి ఇచ్చింది. ఒకరికి పింగాణీ కప్పులు, ఒకరికి గోడ గడియారం, ఒకరికి ఉన్ని శాలువా. మా అమ్మకి మాత్రం తన బంగళా ముందున్న జెముడు నుంచి జానెడు ముక్క కోసి కాగితంలో చుట్టి ఇచ్చింది. పొలం గట్ల మీద పెరిగే నాగజెముడు కాదది. స్తంభంలాగా నిట్టనిలువుగా, పలకలు పలకలుగా పెరిగే రకం. అమ్మ దాన్ని ముందు నూనె డబ్బాలో నాటి, తర్వాత నాన్న మిల్లు నుంచి తెచ్చిన తుప్పు పీపాలోకి మార్చింది. ఇంట్లో ముళ్ళచెట్టు ఉంటే మొగుడూ పెళ్ళాలకు పడదని పక్కింటి పెద్దమ్మ చెప్పి చూసింది. పోట్లాడుకోవడానికి మేమిద్దరం ఒకేసారి ఇంట్లో ఉంటే కదా పెద్దమ్మా అని అమ్మ నవ్వేసింది.

అది చూరు దాటి పెరిగాక, ఒక శ్రావణంలో వానలు పడ్డ తర్వాత మొట్టమొదటిసారి మొగ్గ వేసింది. ఆ తర్వాత ఏటా శ్రావణంలో ఒక్కటే మొగ్గ, కాండం నడుమ చేతికందే ఎత్తులో. మొగ్గ వంకాయంత పొడుగు. పైనున్న రెక్కలు ఎర్రమట్టి రంగులో గట్టిగా ఉండేవి. అన్నాళ్ళూ పక్కకి వాలి ఉండి, పూసే రోజు సాయంత్రం మాత్రం తల పైకెత్తేది. అమ్మ డ్యూటీకి వెళుతూ దాన్ని చూసి, ఇవ్వాళ పూసేట్టుంది చూడవే అని నాకు చెప్పి వెళ్ళిపోయేది. చీకటి పడ్డాక ఒక్కో రెక్కా విడివడి, లాంతరు పట్టుకుని చూస్తే లోపల కంచమంత తెల్లటి పువ్వు. అమ్మ డ్యూటీ చీర ఎండలో ఆరేసినప్పుడు ఉంటుందే, అంత తెలుపు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి, వాసన పీల్చి, అమ్మ లేదని అయ్యో అనుకుంటూ వెళ్ళేవాళ్ళు. తెల్లవారి ఎండ పొడ తగిలిందంటే ఇక ఆగేది కాదు, ముడుచుకుపోయేది. అమ్మ ఇంటికి వచ్చేసరికి తడిగుడ్డలాగా వేలాడుతూ ఉండేది. అప్పుడు పైకి కనపడేవి ఆ ఎర్రమట్టి రెక్కలే.

అమ్మ చేతిలో సంచి దించకుండా నేరుగా దొడ్లోకి వెళ్ళి, ఆ వాడిన పువ్వును రెండు వేళ్ళతో పైకెత్తి చూసేది. రాత్రి ఎలా ఉంది అని అడిగేది. నేను చెప్పేదాన్ని. ఎంత చెప్పినా నా మాటలు నాకే చప్పగా ఉండేవి. పెద్దగా ఉంది, తెల్లగా ఉంది, బాగుంది అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? ఆమె మాత్రం శ్రద్ధగా విని తల ఊపేది, నాకు ఇంకా కోపం వచ్చేది.

మీరు అనుకునేవన్నీ మేము చేసి చూశాం. ఒకసారి మొగ్గ తల ఎత్తినట్టే ఉందని అమ్మ సెలవు పెట్టింది. ఇద్దరం పీటలు వేసుకుని కూర్చున్నాం. అది పూయలేదు. మరునాడు ఆమె డ్యూటీకి వెళ్ళాక నిక్షేపంలా పూసింది. ఇంకోసారి నేనే పువ్వు కోసి, తడిగుడ్డలో చుట్టి, నాన్నను నిద్రలేపి సైకిలు ఎక్కించి ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. లోపల కాన్పు జరుగుతోందని ఆయా మమ్మల్ని వరండాలో నిలబెట్టింది. అమ్మ చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి పువ్వు మెడ వాల్చేసింది. ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు, తెగిన తొడిమ చూసింది.

"ఇంకెప్పుడూ కొయ్యమాక. నేను చూడకపోతే ఏంది, చెట్టు మీద ఉండనీ" అంది.

అంతే, ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఫొటో ఒక్కటే అని నాకు తట్టింది అప్పుడే.

మా మేనమామ మాచర్ల రైల్వే స్టేషనులో గూడ్సు క్లర్కు. ఆయన దగ్గర నల్లటి పెట్టె కెమెరా ఉండేది. దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని, పైనున్న బొటనవేలంత అద్దంలోకి తొంగి చూసి మీట నొక్కాలి. ఒక ఫిలింకి ఎనిమిది బొమ్మలు. దాన్ని ఆయన తన భార్య కంటే భద్రంగా చూసుకునేవాడని మా అత్తే అనేది. నేను కాళ్ళావేళ్ళా పడితే బస్సులో పట్టుకొచ్చి ఇచ్చాడు కానీ, ముందు గంటసేపు పాఠం చెప్పాడు. ఎండ మన వీపు మీద ఉండాలి, ఎదుటివాళ్ళ మొహం మీద పడాలి. ఎండ లేకుండా నొక్కితే ఫిలిం దండగ. పక్కనున్న చిన్న రేకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు. ఇవీ ఆయన షరతులు.

ఎండ కావాలట. పువ్వేమో ఎండ చూస్తే ముడుచుకుంటుంది. నేను ఈ మాట చెబితే మామయ్య కాసేపు ఆలోచించి, అయితే పగలు పూసే పువ్వు ఏదైనా చూసుకో అన్నాడు. పెద్దవాళ్ళు ఇచ్చే సలహాల మీద నాకు గౌరవం పోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

మొదటి ఏడు తెల్లవారుజామున లేచి, పీపా ముందు కెమెరా పట్టుకుని నిలబడ్డాను. తూర్పున గోడ అడ్డం. ఎండ గోడ దాటి పువ్వు మీదికి వచ్చేలోపు రెక్కలు దగ్గరపడటం మొదలెట్టాయి. ఇంకొంచెం వెలుతురు వస్తే నొక్కుదాం, ఇంకొంచెం వస్తే నొక్కుదాం అని నేను, నువ్వు నొక్కకముందే వెళ్ళిపోతాను అన్నట్టు అది. చివరికి నొక్కాను. ఆ ఫొటోలో ఎండ బ్రహ్మాండంగా వచ్చింది. గోడ మీద బల్లి కూడా స్పష్టంగా వచ్చింది. పువ్వు ఉండాల్సిన చోట ముడిచిన గొడుగులాంటిది ఒకటి వేలాడుతోంది. రెండో ఏడు ఎండ గొడవ మానేసి, పువ్వు పెద్దగా పడాలని దగ్గరికి జరిగి, దాదాపు ముక్కు ఆనించి నొక్కాను. ఈసారి అసలేమీ లేదు, బూడిదరంగు మసక. స్టూడియో ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది పొగా అని అడిగాడు. ఆ కెమెరాకి మూడు బారల దూరం లేనిదే ఏదీ ఆనదని ఆయన చెబితేనే తెలిసింది. మామయ్య గంటసేపు చెప్పిన పాఠంలో ఆ ముక్క లేదు.

ఆ రెండేళ్ళూ అమ్మ ఫొటో ఏదని అడగలేదు. స్టూడియో నుంచి వచ్చానని తెలిసి నా మొహం చూసి ఊరుకునేది. అడిగి తిట్టినా బాగుండేది.

మూడో ఏడు ముసురు పట్టింది. రెండు రోజులుగా సూర్యుడి జాడ లేదు. ముందు రోజు సాయంత్రం మొగ్గ తల ఎత్తింది, అమ్మ గొడుగు పట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. తెల్లవారి నేను లేచి చూద్దును కదా, పువ్వు అలాగే ఉంది. బాగా వెలుతురు వచ్చాక కూడా అలాగే ఉంది. ఎండ లేదు కాబట్టి దానికి ముడుచుకునే తొందర లేదన్నమాట. ఎండ లేకుండా ఫొటో లేదన్న మామయ్య మాటను నేను ఆ ఉదయమే తుంగలో తొక్కాను. స్టూలు మీద ఇటుకలు పేర్చి, వాటి మీద కెమెరా పెట్టి, మూడు బారలు కొలుచుకుని, లాగొద్దన్న రేకు లాగేశాను. రేకు లాగితే, మీట నొక్కి ఉంచినంత సేపూ కెమెరా కన్ను తెరుచుకునే ఉంటుంది. ఊపిరి బిగబట్టి నొక్కి పట్టుకున్నాను. గాలి లేదు. చినుకు కూడా ఆగింది. వదిలాక, పడిందని నా ఒంటికి తెలిసింది. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేను.

పడిందన్న సంతోషంలో ఇంకో సంగతి ఆలస్యంగా తట్టింది. పువ్వు ఇంకా విచ్చుకునే ఉంది. అమ్మ వచ్చే వేళయింది. ఫొటో ఎందుకు, మనిషే వస్తోంది! వీధి మొగకు పరిగెత్తాను. అమ్మ లేదు. మళ్ళీ దొడ్లోకి వచ్చి పువ్వు చూశాను, ఉంది. మళ్ళీ వీధిలోకి. ఆసుపత్రికి వెళదామంటే నేను ఒక దారిలో, ఆమె ఒక దారిలో అవుతామేమోనని భయం. అలా ఎన్నిసార్లు తిరిగానో, పెద్దమ్మ తన అరుగు మీద నుంచి నీకేమైనా పట్టిందా అని అడిగింది. ఈలోపు వాన మళ్ళీ అందుకుంది, ఈసారి గట్టిగా. రెక్కలు బరువెక్కి, ఒకదాని మీద ఒకటి పడి, నా కళ్ళముందే పువ్వు వాలిపోయింది. మధ్యాహ్నానికి రిక్షా దిగింది అమ్మ. అడ్డం తిరిగిన బిడ్డట, రెండు ప్రాణాలూ దక్కాయట. ఆ మాట చెప్పి తల తుడుచుకుంటూ నిలబడే కునికింది. నాకు మాత్రం పేరైనా పెట్టని ఆ బిడ్డ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంకో రోజు చూసుకుని పుట్టకూడదా?

సరే, ఫొటో ఉంది కదా అనుకున్నాను. లేదు. ఫిలింలో ఇంకా ఏడు బొమ్మలు ఖాళీగా ఉన్నాయి, అవి అయ్యేదాకా బయటికి తియ్యడానికి వీల్లేదన్నాడు మామయ్య. కెమెరా మాచర్ల పట్టుకెళ్ళిపోయాడు. అత్త తరఫు వాళ్ళ పెళ్ళి దాకా ఆగాడు. పెళ్ళిలో రెండే తీశాడు. మిగతావి క్రిస్మస్‌కి అన్నాడు. నేనీలోగా గుంటూరు కాలేజీలో చేరి హాస్టల్లో పడ్డాను. అక్కడ అన్నం తింటున్నా, పాఠం వింటున్నా నా పువ్వు ఆ నల్ల పెట్టెలో చీకట్లో ఉందనే ధ్యాస. తల ప్రాణం తోకకి వచ్చాక, పండగ వెళ్ళిన తర్వాత మామయ్య ఫిలిం తెచ్చి మా నాన్న చేతికి ఇచ్చాడని తెలిసింది. నాన్న దాన్ని స్టూడియోలో ఇచ్చాడు.

వేసవి సెలవులకు ఇంటికి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, ఎదురుగా గోడ మీద, ఏసుప్రభువు పటం పక్కన, అద్దం కట్టిన నా ఫొటో కనపడింది. చాలా పెద్దది. అంచులు ఎంత పదునుగా వచ్చాయంటే ముళ్ళు లెక్కపెట్టొచ్చు. పువ్వు నిండుగా, ఒక్క రెక్క కూడా తగ్గకుండా ఉంది.

ఎర్రగా ఉంది.

మామూలు ఎరుపు కాదు, పెళ్ళిచీర ఎరుపు. నడుమ పసుపు. కాండానికి చిలకపచ్చ. వెనక ఉన్న మా మట్టిగోడకు ఆకాశం రంగు వేశారు. ఆ రోజుల్లో స్టూడియోల వాళ్ళు తెలుపు నలుపు ఫొటోల మీద దూదితో రంగులు అద్దేవాళ్ళు. మా ఊరి స్టూడియో ఆయన చెయ్యి అందులో ఆరితేరింది. పెళ్ళికూతురు ఏ చీర కట్టుకున్నా ఆయన దగ్గర ఎర్రచీరే కట్టుకునేది. నాన్న అమ్మ కోసమని మంచి రంగులు వెయ్యమన్నాడట. పువ్వు ఏ రంగని ఆయన అడిగాడట. సాయంత్రం మిల్లు నుంచి వచ్చాక వాలిపోయిన పువ్వును, ఆ సైకిలు రాత్రి తడిగుడ్డ మూటను తప్ప విచ్చుకున్న దాన్ని ఏనాడూ చూడని మా నాన్న, ఎర్రగానే ఉండిద్దండీ అని చెప్పి వచ్చాడు.

నేను సంచి అక్కడే పడేసి స్టూడియోకి పోయాను. పొరపాటు జరిగింది, రంగులు లేకుండా ఇంకొకటి వేసివ్వండి అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. తెల్లగా వదిలేస్తే అక్కడ ఫొటో చెడిపోయిందనుకుంటారమ్మా, అందుకే రెండు పూతలు వేశానని చెప్పాడు. నెగెటివు ఇవ్వమంటే చాలాసేపు వెతికి ఒక డబ్బా తెచ్చాడు. మొన్నటి గాలివానకు కప్పు కారి నీళ్ళు అందులో పడ్డాయట. నెగెటివులన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్ట ముక్కలా అయ్యాయి. నా పువ్వు మధ్యలో ఎక్కడో, ఎవరి పెళ్ళికో అతుక్కుని ఉంది. గోటితో లాగి చూశాడు. పొర ఊడి వచ్చింది. నేను దుకాణం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన పాపం సోడా తెప్పించాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను, ఆ పువ్వు ఎరుపు కాదు, తెలుపు, నేను నీకు ఇన్నేళ్ళూ చెప్పింది అదే కదా అని. అమ్మ శాంతంగా బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నువ్వు చూసింది లాంతరు వెలుతుర్లోనే గదే. దీపం కింద అన్నీ తెల్లగానే కనపడతయ్. పొద్దున నేను చూసినప్పుడల్లా దాని రెక్కలు ఎర్రగానే ఉండయ్" అంది.

అవి బయటి రెక్కలమ్మా అన్నాను. ముసురు రోజు పొద్దున పగటి వెలుతుర్లో చూశానన్నాను. వీధిలో ఎవరినైనా అడుగు అన్నాను. పెద్దమ్మను అడిగితే, తెలుపే అనుకుంటా, కానీ ఫొటోలో ఎరుపు పడిందంటే ఎరుపేనేమో అంది. ఫొటో అబద్ధం చెప్పదని మా వీధి మొత్తానికీ గట్టి నమ్మకం. నేను మాత్రం చెప్పగలనన్నమాట.

అమ్మ ఆ ఫొటోను ఎంత ఇష్టపడిందో చెప్తే నా ఉక్రోషం మీకు అర్థమవుతుంది. డ్యూటీకి వెళ్ళే ముందు పమిటచెంగుతో దాని అద్దం తుడిచేది. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళ పక్కన కూర్చుని, మా ఇంట్లో ఒక ఎర్రటి పువ్వు ఉంది, రాత్రిపూట పూస్తది, నేను ఇంకా చూడలా, నీ కాన్పు అయ్యాక ఇద్దరం చూద్దాం అని కబుర్లు చెప్పేదట. ఆయా చెప్పింది నాకు. ఆ తర్వాత ఇక వాదించడం నా వల్ల కాలేదు. వాదించలేదు కానీ ఒప్పుకోనూ లేదు. గోడ మీద ఆ ఎరుపు కనపడినప్పుడల్లా పళ్ళు నూరుకునేదాన్ని. అమ్మ కళ్ళారా చూసే రోజు రాకపోదు, ఆ రోజు నేను ఏమీ మాట్లాడను, పువ్వే చెబుతుంది అనుకున్నాను.

ఆ రోజు వచ్చింది. అరవయ్యో దశకం చివరికి నేను గురజాలలో బడిపంతులమ్మను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై రాత్రి డ్యూటీ మాన్పించారు. ఆ శ్రావణంలో మొగ్గ తల ఎత్తేట్టు ఉందని నాన్న బస్సు కండక్టరుతో కబురు పంపాడు. బడి వదలగానే బస్సెక్కి, దీపాల వేళకి ఇల్లు చేరాను. సొంతంగా కొనుక్కున్న కెమెరా భుజాన ఉంది. దొడ్లోకి కరెంటు తీగ లాగి బల్బు కూడా పెట్టించాడు నాన్న. ఆయన యథాప్రకారం నిద్రపోయాడు.

అమ్మ కుర్చీలో, నేను పీట మీద. మొగ్గ కొస కొంచెం విడింది. అమ్మ మోకాళ్ళు మరిచి లేచి నిలబడింది. ఎర్రమట్టి రెక్కలు వెనక్కి మళ్ళాయి. వాటి మధ్య నుంచి తెలుపు, ఇంకా తెలుపు. బల్బు వెలుతుర్లో లోపలి కేసరాలు కూడా కనపడుతున్నాయి. నేను పువ్వును చూడటం లేదు, అమ్మ మొహం చూస్తున్నాను. కెమెరా తెరిచి చేతిలో పట్టుకుని ఉన్నాను. ఇన్నేళ్ళ నా కోపం, ఆరాటం అన్నీ ఆ ఒక్క మొహం కోసం.

అమ్మ దగ్గరికి వెళ్ళి ఒక రెక్కను వేలితో తాకింది. తలుపు సందులోంచి లోపల గోడ మీద ఉన్న ఫొటో వంక చూసింది. మళ్ళీ పువ్వును చూసింది. ఆమె మొహంలో దిగులు కనపడింది. కాన్పులో బిడ్డ ఏడవకపోతే ఆమె ఎలా చూస్తుందో నేను చూడలేదు కానీ, ఇలాగే చూస్తుందేమో అనిపించింది.

"పాలిపోయిందే ఇది. నేను సరిగ్గా చూసుకోలా. బలం లేక రంగు రాలేదు" అంది.

"అమ్మా, ఇది ఎప్పుడూ తెల్లదే" అన్నాను.

ఆమె నా భుజం తట్టింది, నన్ను ఓదార్చాల్సి వచ్చినట్టు. పొద్దున్నే పీపాలో మాగిన పేడ ఎరువు వెయ్యాలంది. నేను కూర్చోమన్నాను, ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, కాసేపు ఉండమన్నాను. మోకాళ్ళు లాగుతున్నాయంది.

"తెల్లారాక చూస్తాలే. అప్పటికన్నా రంగు వచ్చిద్దేమో" అని, కరెంటు దండగని బల్బు ఆర్పి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి పడుకుంది.